పెక్కు వ్యాసంగములు - ఒక్క చిరునామా

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము సాహిత్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. సాహిత్యమును గూర్చి నాకంటె బాగుగా చెప్పగల పెద్దలు ఈ సభలో పలువురున్నారు. అందుచేత వారి అనుమతితో కొంచెము ప్రక్కకు జరిగి, పద్యమునకును, పాటకును, బొమ్మకును, ముగ్గునకును, వంటకును గూడ చోటియ్యగల విషయమొకటి ఎన్నుకొంటిని. పెక్కు వ్యాసంగములు గల మనుష్యుడు తన కృషిని ఎచట భద్రపరచుకొనవలెను? తన పేర ఒక సొంత వెబ్‌సైటును నిలుపుకొనుట అందుకు తగిన మార్గమని నా మనవి.

వెబ్‌సైటు అనగానే, అది ఇంజనీర్ల వ్యవహారమని కొందరు చెవులు మూసికొనవచ్చును. నేను బి.ఏ. చదివినవాడను. చరిత్రయు తెలుగును నా పాఠ్యాంశములు. ఫైలుపై నోటు వ్రాయుట తప్ప వేరొక యంత్రవిద్య నాకు రాదు. అయినను నాలుగేండ్లుగా నా పేర ఒక చిన్న వెబ్‌సైటు నడుచుచున్నది. నాకు చేతనైన పని మీలో ఎవ్వరికిని చేతగాకపోదు.

మొదట మన సంఘమునే చూడుడు. పగలెల్ల బడ్జెటు అంకెలతో కుస్తీపట్టు మిత్రుడొకరు ఆదివారము ఉదయము మృదంగము వాయింతురు. బస్సులో కూర్చుండి ఆటవెలదులు అల్లుదురు. చలికాలము వచ్చినదా, కెమెరా భుజమున వేసికొని యమునయొడ్డున ఓఖ్లాకు దిగు వలసపక్షులకై పోవుదురు. ఆయన సహధర్మచారిణి రథసప్తమినాడు గుమ్మములో వేయు ముగ్గును చూచుటకు ప్రక్క బ్లాకులవారు వత్తురు. ఆమెయే పాత చీరెల అంచులతో బొంతలు కుట్టుదురు, కీర్తనలు పాడుదురు, పిల్లల నాటకమునకు కాగితపు కిరీటములు చేయుదురు. ఇట్టి ఇండ్లు మనలో ఒకటి రెండు కావు.

ఇట్టివారిని లోకము ఎట్లు చూచును? “అన్నింటను చేయి పెట్టును, దేనియందును నిలువడు” అని ఆప్తులే అందురు. ఒక్క విద్యను పట్టుకొనినవాడు పండితుడు, నాలుగు పట్టుకొనినవాడు చపలుడు అని తీర్పు. అరువదినాలుగు కళలు లెక్కపెట్టిన దేశములో ఈ తీర్పు ఎట్లు పుట్టినదో నాకు తెలియదు. మన తెలుగువారిలోనే దీనికి సమాధానమున్నది.

అడివి బాపిరాజుగారు (1895-1952) న్యాయశాస్త్రము చదివినవారు. కవులు, కథకులు, నవలాకారులు, చిత్రకారులు, గాయకులు. బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలను నడిపిరి. చలనచిత్రములకు కళాదర్శకులైరి. హైదరాబాదునుండి వెలువడిన ‘మీజాన్’ తెలుగు దినపత్రికకు సంపాదకులైరి. ‘హిమబిందు’ చదివినవారికి, అందలి నగలును వస్త్రములును గోడల బొమ్మలును చిత్రకారుని కన్ను చూచినవే యని వేరుగ చెప్పనక్కరలేదు. కుంచె కలమునకు అడ్డము రాలేదు, తోడైనది. జాతీయ పతాకమునకు రూపుకట్టిన పింగళి వెంకయ్యగారిని (1876-1963) లోకము ప్రత్తి పరిశోధనకై పత్తి వెంకయ్య యనియు, జపాను భాష నేర్చినందుకు జపాన్ వెంకయ్య యనియు, రత్నపరీక్షకై డైమండ్ వెంకయ్య యనియు పిలిచెను. ఒక్క మనిషికి ఇన్ని పేర్లు! రవీంద్రనాథ ఠాకూరు వ్రాతప్రతిలో కొట్టివేసిన పంక్తులను కలిపి ఆకృతులుగా మలచుచు మలచుచు చిత్రకారులైరి. డెబ్బదికి చేరువైన వయస్సున, 1930లో, పారిస్ నగరమున వారి చిత్రముల మొదటి ప్రదర్శన జరిగెను.

సత్యజిత్ రాయ్ (1921-1992) మాట మరింత ఉపయుక్తము. బెంగాలు వర్తకులు పద్దులు వ్రాసికొను ఎర్రగుడ్డ అట్ట పుస్తకములున్నవి గదా, వానిలో ఆయన తన చలనచిత్రముల పని వ్రాసికొనిరి. సన్నివేశములు, సంభాషణలు, బొమ్మలు, దుస్తుల నమూనాలు అన్నియు అందే. ఆయనకు ఎన్ని విద్యలున్నను అవి కలిసికొను చోటొకటి ఉండెను. నా ప్రసంగమునకు మూలము ఈ ఒక్క మాటయే. పెక్కు వ్యాసంగములు ఉండుట దోషము కాదు. అవి ఒకదానినొకటి ఎరుగక చెదరిపోవుటయే నష్టము.

మన కొలువులో ఈ చెదరుట మరింత సులభము. మూడేండ్లకో నాలుగేండ్లకో బదిలీ. ఢిల్లీ విడిచి కలకత్తా, అచటినుండి నాగపూరు, మరల ఢిల్లీ. ప్రతి బదిలీకిని ట్రంకుపెట్టెలు కొన్ని తగ్గును. వంటపాత్రలు విడువరు, పిల్లల సర్టిఫికెట్లు విడువరు. విడువబడునవి అయ్యగారి బొమ్మల కాగితములు, అమ్మగారి ముగ్గుల పుస్తకము.

పూర్వపు ఉద్యోగి యొకరిని ఇచట తలచుకొనవలెను. కర్నల్ కాలిన్ మెకంజీ (1754-1821) ఈస్టిండియా కంపెనీ కొలువులో భూములు కొలిచిన అధికారి. 1815లో భారతదేశమునకు మొట్టమొదటి సర్వేయర్ జనరల్. ఆయన ఉద్యోగము కొలత. ఆయన వ్యాసంగము గ్రామచరిత్రలు, శాసనములు, నాణెములు, చిత్రములు, వ్రాతప్రతులు. కావలి వేంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల సాయముతో కూడబెట్టిన ఆ కైఫీయతులే నేడు మన గ్రామముల పూర్వచరిత్రకు ఆధారములు. అట్టి ఘనుడును తన సేకరణకు వివరణ పట్టిక ముగింపకయే కాలధర్మము చెందెను. భార్య వద్దనుండి ఆ సేకరణమును కంపెనీవారు లక్ష రూపాయలకు కొనిరి. విల్సన్ పండితుడు పట్టిక కూర్చి 1828లో ప్రకటించెను. ఆ పిమ్మట ఆ వస్తువులు లండనునకు కొన్ని, మద్రాసునకు కొన్ని, కలకత్తాకు కొన్నిగా చేరినవి. మెకంజీకి విల్సన్ దొరకెను. మన ట్రంకుపెట్టెకు ఏ విల్సనును రాడు. పట్టిక మనమే వ్రాసికొనవలెను.

ఈ మాట నాకు పుస్తకమువలన మాత్రమే తెలిసినది కాదు. మన సంఘమున ఒక పెద్దమనిషి ఉండెడివారు. వారి పేరు చెప్పను, పాత సభ్యులు గుర్తింతురు. ప్రతి ఉగాదికిని నాటిక వారే వ్రాసిరి, తెరలు వారే చిత్రించిరి, పాటలకు వరుసలు వారే కట్టిరి. ఉద్యోగములో ఉండగనే ఆయన హఠాత్తుగా కన్నుమూసిరి. ఆ దుఃఖములోనే కుటుంబమువారు క్వార్టరు ఖాళీ చేయవలసివచ్చెను. పెద్ద కుమారుడు వేరొక రాష్ట్రమున చదువుచుండెను. ఇంటనున్న చిన్నవారికి తెలుగు చదువరాదు. ఆ కాగితములు ఏవో వారికి తెలియదు, కబాడీకి పోయినవి. వారిని నిందించుట అన్యాయము. ఇప్పటికిని ఉగాదినాడు ఆయన పాట ఒకటి మనము పాడుచున్నాము. పల్లవి పాడుదుము, మొదటి చరణము పాడుదుము, మరల పల్లవికి వత్తుము. రెండవ చరణము ఇక ఎవ్వరికిని రాదు.

“ఇప్పుడు ఆ భయమెందుకు? అన్నియు సెల్‌ఫోనులో ఉన్నవి గదా, ఫేస్‌బుక్‌లో ఉన్నవి గదా” అని యువకులు అడుగుదురు. దీనికి మనవారికి బాగుగ తెలిసిన పోలిక చెప్పెదను. ఆ తావులన్నియు అలాట్‌మెంటు పొందిన క్వార్టరువంటివి. గోడకు మేకు కొట్టవలెనన్నను అనుమతి ఒకరిది. అద్దెలేదని సంతోషింతుము, కాని ఖాళీ చేయుమను ఉత్తరువు ఎన్నడు వచ్చునో మన చేతిలో లేదు. 1994లో ఆరంభమైన జియోసిటీస్ అను తావున లోకమందలి సామాన్యులు లక్షల కొలది సొంత పుటలు కట్టుకొనిరి. 2009 అక్టోబరులో యాహూవారు దానిని మూసివేసిరి. మన దేశమున ఎంతో వాడుకలో ఉండిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడెను. గూగుల్ ప్లస్ 2019లో, యాహూ గ్రూపులు 2020లో పోయినవి. అచట వ్రాసినవారి దోషమేమియు లేదు. ఇల్లు వారిది కాదు, అంతే.

మరియొక లోటు గలదు. అట్టి తావులలో నేటి బొమ్మ రేపటికి అడుగున పడును. ఏడాది క్రిందటి పద్యము వెదకినను దొరకుట కష్టము. పైగా మెచ్చుకోళ్ల లెక్క ఎప్పుడును కన్నులముందు ఆడుచుండును. పక్షి బొమ్మకు ఇరువదిమందియు, పుట్టినరోజు కేకుకు రెండువందలమందియు మెచ్చినచో, కొంతకాలమునకు చేయి తెలియకుండగనే పక్షిని వదలి కేకువైపు పోవును. పెక్కు వ్యాసంగములు గలవాడు ఈ లెక్కకు లోబడినచో, ఎదుటివారికి నచ్చిన ఒక్కటియే మిగులును. తక్కినవి నీరులేని మొక్కలగును.

సొంత వెబ్‌సైటు అనగా నేమి? జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్-లీ అను శాస్త్రజ్ఞుడు, శాస్త్రజ్ఞుల కాగితములు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండవలెనని 1989లో ఒక పథకము వ్రాసి తన పై అధికారి కిచ్చెను. అనగా, మన భాషలో, ఒక నోటు పెట్టెను. ఆ నోటునుండి పుట్టినదే వెబ్. 1993 ఏప్రిల్ 30న సెర్న్‌వారు దానిని ఏ రుసుమును లేకుండ సర్వజనులకు విడిచిపెట్టిరి. మన దేశమున సామాన్యులకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న వచ్చెను. నేడు వెబ్‌సైటు నిలుపుటకు మూడు వలయును: పేరు, స్థలము, పుటలు. పేరు అనగా ఇంటి చిరునామా, ‘.ఇన్’ తో ముగియు పేరు సంవత్సరమునకు కొన్ని వందల రూపాయలలో దొరకును. తెలుగు లిపిలో ‘.భారత్’ అని ముగియు పేరును పొందవచ్చును. స్థలము అనగా మన పుటలు ఉంచు కంప్యూటరులో కొంత చోటు. దానిని అద్దెకిచ్చువారు పలువురున్నారు. ‘అది మాత్రము అద్దె కాదా’ అందురేమో. అగును, కాని పేరు మనది, పుటలు మనవి. ఒక స్థలము మూతపడినచో పుటలను వేరొక స్థలమునకు తరలించి అదే పేరు తగిలించవచ్చును. చిరునామా మారదు, వచ్చువారు దారి తప్పరు. బదిలీలు ఎరిగిన మనకు దీని విలువ వేరుగ చెప్పవలెనా?

పుటలు ఎంత సాదాగా ఉన్న అంత మంచిది. హెచ్.టి.ఎమ్.ఎల్. అను గుర్తులతో వ్రాసిన పుట యనగా మామూలు అక్షరముల దస్త్రమే. దానిని పెన్‌డ్రైవులో వేసికొని, ఇంటర్నెట్టు లేకున్నను, ఏ కంప్యూటరుపైనైనను తెరువవచ్చును. 1990 దశాబ్దిలో వ్రాసిన అట్టి పుటలు నేటికిని తెరచుకొనుచున్నవి. హంగులు పెరిగినకొలది మరమ్మతులు పెరుగును. మరమ్మతులకే సెలవు దినములు చాలకపోయినచో వీణ ఎప్పుడు మీటుదుము?

ఇక పెక్కు వ్యాసంగములవారు ఈ ఇంటిని ఎట్లు అమర్చుకొనవలెను? నా అనుభవమున తేలినవి చెప్పెదను.

మొదటిది, వ్యాసంగమునకొక వెబ్‌సైటు వలదు. పద్యములకొకటి, ఫోటోలకొకటి అని ఆరంభించినచో నాలుగిండ్లకు దీపము పెట్టవలసివచ్చును. ఒక్క ఇల్లు, పెక్కు గదులు. ముందు చావడి, అందులో మీరెవరు, ఏమేమి చేయుదురు అని నాలుగు పంక్తులు. అచటినుండి ఒక్కొక్క గదికి దారి. ఒక గదిలో ఏడాదిపాటు కొత్త వస్తువు చేరకపోయినను చింతలేదు. ఇల్లు మొత్తముమీద పాడుబడినట్లు కనబడదు. మనకు వ్యాసంగములు ఋతువులవలె వచ్చిపోవును. సొంత ఇంట దానికి సంజాయిషీ ఇయ్యనక్కరలేదు.

రెండవది, ప్రతి వస్తువునకును తేదీయు తావును వ్రాయుడు. గదులతోపాటు, అన్నియు కాలక్రమమున చూపు పట్టిక ఒకటి ఉంచుడు. అలమరలో లేని సౌకర్యము వెబ్‌సైటున ఒకటి కలదు: ఒకే వస్తువు రెండు గదులలో ఉండగలదు. లోదీ తోటలో బూడిదవన్నె కొమ్ముపిట్టను చూచి నేను గీసిన బొమ్మ చిత్రముల గదిలో నున్నది. ఆ వారమే వ్రాసిన సీసపద్యము పద్యముల గదిలో నున్నది. రెండింటికిని ముడి వేసితిని. కాలక్రమ పట్టికను ఏడాది చివర చదివినప్పుడు, బొమ్మలు గీసిన నెలల వెనువెంటనే పద్యములు వచ్చుచున్నవని నాకు తెలిసెను. అంతవరకు నావి నాలుగు వేరు వేరు వేడుకలనుకొంటిని. అవి ఒక్క చూపునకు నాలుగు చేతులని ఆ పట్టిక చూపెను.

మూడవది, వస్తువుతోపాటు దానిని చేయు విధమును వ్రాయుడు. ముగ్గు ఫోటో చాలదు. పదునైదు చుక్కలనుండి ఎనిమిదివరకు సందు చుక్కలా, లేక సరి చుక్కలా, గీత ఎచట మొదలిడవలెను అని వ్రాసినగాని మనుమరాలు దానిని వేయలేదు. సంధ్యవేళకు చెరగిపోవు కళకు ఇంతకంటె ఆయువు మరియొకటి లేదు. పాటయైనచో రాగము, తాళము, శ్రుతి, ఎవరివద్ద నేర్చినది. వంటయైనచో కొలత. మా అమ్మ ‘సోలెడు’ అన్నచో అది మా ఇంటి సోల. దానిలో బియ్యము పోసి త్రాసున తూచి, గ్రాములు ప్రక్కన వ్రాసితిని. పాత ఫోటోయైనచో ఎడమనుండి కుడికి పేర్లు. పేర్లు తెలిసినవారు ఇంటిలో ఉండగనే ఈ పని కావలెను. కాగితములను స్కాను చేయునప్పుడు అంగుళమునకు 300 చుక్కల నాణ్యమునకు తగ్గకుండ చేసినచో, మరల అచ్చు వేసికొనుటకును పనికివచ్చును.

నాలుగవది, సగము చేసినవానికిని చోటియ్యుడు. నాలుగు విద్యలవాని ఇంట అసంపూర్ణములు అధికము. వానికి ఒక గది యిచ్చి, ‘ఇవి ముగియలేదు’ అని పేరు పెట్టినచో సిగ్గు తీరును. కొన్ని ముగియును గూడ. ఎవరో ఒకరు చూతురన్న తలంపు చేతిని కదలించును.

తెలుగు అక్షరములను గూర్చి ఒక ముఖ్య విషయము. మన సంచికలు పలుమార్లు డి.టి.పి. కేంద్రములలో ‘అను’ మొదలైన పాత ఫాంటులతో కూర్చబడినవి. ఆ దస్త్రములను తిన్నగా వెబ్‌సైటునకు ఎక్కించినచో, చదువరికి అర్థములేని గుర్తులు కనబడును. యూనికోడు విధానమున తెలుగునకు 1991 నాటి మొదటి కూర్పునుండియే స్థానమున్నది. పాత దస్త్రములను యూనికోడులోనికి మార్చు సాధనములున్నవి. మార్చిన పిమ్మట ఒత్తులును వట్రసుడులును ఒకసారి కంటితో సరిచూచుకొనవలెను. యూనికోడులో నున్న తెలుగు వెదకిన దొరకును. చదువరాని మన పిల్లలకు యంత్రము పైకి చదివి వినిపింపను గలదు. ఢిల్లీలో పెరిగిన పిల్లవాడు తాత పద్యమును కన్నుతో చదువలేకున్నను చెవితో వినును. చెవిన పడినది నాలుకపైకి ఎప్పటికైనను వచ్చును.

ఇక మనవారు మెల్లగా చెవిలో అడుగు ప్రశ్న: “ఉద్యోగికి ఇది చెల్లునా?” 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమావళిని మనమందరము ఎరుగుదుము.  పదునైదవ నియమము, అప్పుడప్పుడు చేయు సాహిత్య, కళా కృషిని అడ్డగింపదు. వ్యాపారమును మాత్రము అనుమతి లేనిదే చేయనియ్యదు. కాబట్టి బొమ్మలు చూపుడు, అంగడి తెరువకుడు. ప్రకటనలు పెట్టి రాబడి వెదకుట మొదలైన యోచనలున్నచో ముందు మీ కార్యాలయమున అడుగుడు. ప్రభుత్వ విధానములపై విమర్శలకు తొమ్మిదవ నియమము, కార్యాలయ సమాచారము బయటపెట్టుటకు పదునొకండవ నియమము అడ్డమున్నవి. వానికి కళాపుటలలో పనియే లేదు. ‘ఇందలి అభిప్రాయములు నా సొంతములు, ప్రభుత్వమువారివి కావు’ అని చావడిలోనే ఒక పంక్తి వ్రాసి యుంచుడు. కార్యాలయపు కంప్యూటరును ఈ పనికి తాకకుడు.

ఇతరుల సొత్తు విషయమునను ఇట్టి జాగ్రత్తయే వలయును. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము గ్రంథకర్త మరణించిన తరువాత అరువదేండ్లవరకు హక్కు వారి వారసులది. బాపిరాజుగారు 1952లో మరణించిరి గనుక, వారి జీవితకాలమున ప్రకటితమైన రచనలు 2013 జనవరినుండి అందరివైనవి. సినిమా పాటను ఎత్తి మన పుటలో పెట్టరాదు. త్యాగరాజ కీర్తనను మీరు పాడి పెట్టవచ్చును, వేరొకరు పాడిన రికార్డును పెట్టరాదు. పొరుగువారి పిల్లల ఫోటో పెట్టుటకు ముందు వారి తలిదండ్రులను అడుగుట చట్టముకంటె ముందు మర్యాద.

“ఇదంతయు ఆత్మస్తుతి కాదా? ఎవరు చదువుదురు?” అను ఆక్షేపణకు సమాధానము చెప్పక తప్పదు. నా పుటలను చూచువారు కొలదిమందియే. చూచినవారి లెక్క తెలుపు యంత్రమును నేను పెట్టలేదు. మన ఇంటి గుమ్మములో ముగ్గు వేయునది, ఎందరు చూచిరో లెక్కించుటకు కాదు గదా! అయినను ఒక మాట. మా మేనత్త పాడు పెండ్లిపాటలు నా పుటలలో నున్నవి. అమెరికాలో నున్న మా బంధువుల అమ్మాయి, తన వివాహమునకు ముందు వానిని విని నేర్చుకొని, అప్పగింతలవేళ తానే పాడినదట. ఒక్కరు చదివినను చాలును, ఆ ఒక్కరికి అది అవసరమై యుండినచో.

కాని ఒక ప్రమాదమును దాచను. ఇల్లు అలంకరించుటయే వ్యాసంగమై, అసలు వ్యాసంగములు మూలబడు అవకాశమున్నది. రంగులు మార్చుట, అక్షరముల సోయగము సరిదిద్దుట - ఇవి ఎన్ని ఆదివారములనైనను మ్రింగగలవు. నెలకొక్క పూట మాత్రమే వెబ్‌సైటునకు. తక్కిన కాలము కుంచెకు, కలమునకు, వీణకు. ఈ కట్టుబాటు లేనివారు ఈ పనికి దిగకుండుటయే మేలు.

తుదకు, మన తరువాత ఏమగును? పేరునకు ఏటేట రుసుము కట్టనిచో అది జారిపోవును. కావున పేరు, రుసుము తేదీ, సంకేతపదము - ఇవి ఒక కాగితముపై వ్రాసి, ప్రావిడెంటు ఫండు నామినేషను కాగితములతో పాటు పెట్టుడు. ఏటికొకసారి పుటలన్నింటికి నకలు తీసి, ఒకటి ఇంట, ఒకటి ఊరనున్న తోబుట్టువులవద్ద ఉంచుడు. 1996లో అమెరికాలో నెలకొల్పబడిన ఇంటర్నెట్ ఆర్కైవ్ అను సంస్థ లోకమందలి వెబ్ పుటల నకళ్లు భద్రపరచుచున్నది. మీ పుట చిరునామాను మీరే అందించి దానికి నకలు తీయించవచ్చును. అచ్చు పుస్తకమువలె ఇదియు శాశ్వతమని నేననను. కాని ట్రంకుపెట్టె ఒక్కచోట నుండును. నకళ్లు నాలుగుచోట్ల నుండును.

నా మనవి ఉపన్యాసముతో ముగియరాదు. మన సంఘమున రిటైరైన పెద్దలున్నారు. వారి అలమరలలో నలువదేండ్ల కృషి యున్నది. మన ఇండ్లలో కంప్యూటరు తెలిసిన యువకులున్నారు; తాతగారి చేవ్రాలు వారికి చదువరాదు. నెలకొక ఆదివారము వీరిద్దరును ఒక బల్లయొద్ద కూర్చుండునట్లు కార్యవర్గమువారు ఏర్పాటు చేయవలెనని కోరుచున్నాను. స్కాను చేయు యంత్రమొకటి, ఫలహారము కొంత యున్న చాలును. పెద్దవారు చదివి చెప్పుదురు, చిన్నవారు ఎక్కింతురు. అక్షరములు అటు, సాంకేతికము ఇటు చేతులు మారును. మొదటి ఆదివారమునకు నేను వత్తును. నాతోపాటు స్కానరును తెత్తును.